గాలికి దారి, దోమకు అడ్డు

గురజాల

చిరంజీవి మనుమడికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నరసరావుపేటలో నీవు అద్దెకు తీసుకొన్న మేడమీది గదిలో పురుగుల బాధకు తాళలేక రాత్రులందు కిటికీలు బిగించుకొని పండుకొనుచున్నావనియు, ఉక్కకు నిద్రపట్టక తెల్లవారగనే తలనొప్పితో పుస్తకము ముందు కూర్చుండుచున్నావనియు నీ ఉత్తరమువలన తెలిసినది. కిటికీ మూయుట మాత్రము నాకు సమ్మతము కాదు. రెంటచింతల ఎండ రాష్ట్రమంతటికిని తెలిసినదే గదా! అట్టి మన పల్నాటిలో పగలంతయు కాగిన రాతిగోడలును, సిమెంటు కప్పును తాము దాచుకొన్న వేడిని రాత్రి పొద్దుపోవువరకు గదిలోనికి విడుచుచునే యుండును. ఆ వేడి పోవలెనన్న గాలి కదలవలెను. గాలి కదలవలెనన్న ఎదురెదురుగా రెండు దారులు తెరచియుండవలెను. కనుక ఒకే త్రోవను వచ్చెడి గాలిని, పురుగును ఏ ఉపాయమున వేరుచేయుదుమా అన్నదే మనము యోచింపవలసిన విషయము.

రాత్రిగాలియే చలిజ్వరమునకు మూలమని పూర్వము పెక్కు దేశముల జనులు నమ్మి, చీకటి పడగనే కిటికీలు బంధించుకొనెడివారు. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన పిమ్మట కూడ ఆ నమ్మకము ఒక్కసారిగా తొలగిపోలేదు. 1900లో ప్యాట్రిక్ మాన్సన్ అను వైద్యుని పూనికతో సాంబన్, లో అను ఇద్దరు వైద్యులు ఇటలీలో ఓస్టియా సమీపమున, మలేరియాకు పేరుమోసిన చిత్తడి నేలలో, తలుపులకు కిటికీలకు సన్నని తీగజాలీ బిగించిన ఒక చెక్క ఇంట జ్వరకాలమంతయు నివసించిరి. పగలు ఎక్కడ తిరిగినను సూర్యాస్తమయమునకు ముందే లోపల చేరుచు, క్వినైను ముట్టక, కిటికీలు తెరచి ఆ రాత్రిగాలినే పీల్చుచు నిద్రించిరి. చుట్టుపట్ల జనులు జ్వరముతో మూలుగుచుండగా వారికి మలేరియా సోకలేదు. గాలి నిర్దోషి యని అంత సూటిగా ఋజువుచేసిన పరీక్ష మరియొకటి నాకు కనబడదు. నీ గదికి కావలసినదియు ఆ ఇంటి పద్ధతియే.

జాలీ కొనునప్పుడు కన్ను సుమారు 1.2 మిల్లీమీటర్లు ఉన్నది చూచి కొనుము. దోమకు అది చాలును. అంతకంటె చిన్నదైన ఇసుక ఈగ దానిని దాటగలదు గాని, మట్టిగోడల నెఱ్ఱెలలోను పశువుల కొట్టములలోను పొంచియుండు ఆ ప్రాణి బాధ మేడమీద తక్కువ. కన్ను మిక్కిలి సన్నమైనకొలది గాలియు తగ్గునని మరువకుము. మామూలు జాలీయే గాలిని కొంత నిరోధించును. దానిపై దుమ్ము పేరుకొన్నచో ఇక గోడతో సమానమే. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పరిసరములలో తెల్లని ధూళి జాలీకండ్లను పూడ్చివేయుట నేను చూచితిని. పదిహేను దినములకొకసారి తడిగుడ్డతో రెండువైపుల తుడిచినచో ఆ చిక్కు తీరును.

అంటించెడి వెల్‌క్రో పట్టీల జాలీ చౌక. కాని పడమటి గోడ కిటికీకి మన వేసవిలో ఆ జిగురు కరిగి జారును, సున్నము వేసిన గోడను అది అసలే పట్టుకొనదు. ఇంటివారి అనుమతి పొంది కఱ్ఱచట్రము చేయించి, జాలీని బిగువుగా లాగి, అంచులపై సన్నని బద్ద పరచి చిన్న మేకులు దిగగొట్టించుట మేలు. రెక్కలు బయటికి తెరచుకొనునవైనచో జాలీ లోపలివైపునను, లోపలికి తెరచుకొనునవైనచో ఊచల వెలుపలను ఉండవలెను; రెక్కలు మూయుటకు చేయి పోవలెను గనుక లోపలి జాలీకి బందులు తప్పవు. బిగించిన పిదప పగటివేళ తలుపులు మూసి, చీకటి చేసికొని, చట్రము చుట్టును పరికింపుము. వెలుతురు సన్నని గీతగా కనబడిన ప్రతి చోటును దోమకు రాచబాటయే. గది తలుపు క్రింద సందు ఉన్నదేమో చూడుము. పాతయిండ్లలో గడప ఆ సందును మూసెడిది. ఇప్పటి గదులకు గడపయే లేదాయె! స్నానపు గది వెంటిలేటరును, తూమును కూడ మరువకుము.

ఇక దీపము సంగతి. నాగార్జునసాగరు కుడికాలువకు 1967 ఆగస్టు 4న నీరు వదలిన పిమ్మట, మెట్టపంటల పల్నాటికి వరి వచ్చినది; వరితోబాటు పచ్చదోమయు సుడిదోమయు వచ్చినవి. వరి ఈనిన దినములలో ఇవి దీపముచుట్టు గుంపులుగా మూగును. పేరు దోమయే యైనను ఇవి పైరు రసము పీల్చునే గాని మనుష్యుని రక్తము కోరవు. ఆ గుంపులో నారింజవన్నె నడుము, నల్లని తల గల సన్నని పురుగు ఒకటి మెడమీద వ్రాలినచో నలుపవలదు, ఊదివేయుము. నలిపినచో దాని రసము సోకినంతమేర చర్మము పొక్కును. తొలకరి కురిసిన సాయంత్రము పుట్టలనుండి వెలువడు ఉసిళ్లకు దీపము మరింత ప్రియము. అట్టి రాత్రి తెల్లని దీపము ఆర్పి, పసుపువన్నె దీపము కాగితము వంక మాత్రము వంచుకొని చదువుకొనుము; నీ వెలుతురు కిటికీనుండి బయటికి కనబడకుండుట ముఖ్యము.

సందెవేళ పెరటి తలుపు మూయవలెనని మీ నాయనమ్మ పట్టుపట్టుట నీ వెరుగుదువు. పశువులు, మురుగుకాలువ, చెట్లు ఉన్నది పెరటివైపుననే గదా. చీకటి పడునప్పుడే దోమలు ఇల్లు జొచ్చును. నీవును ఆ వేళ గది తలుపు వేసియుంచి, జాలీ కిటికీలు మాత్రము తెరువుము.

ఇంత చేసినను ఒకటి రెండు దోమలు లోపల మిగులును గనుక దోమతెర విడువరాదు. నీది నవారు మంచమని వ్రాసితివి. తెరను మంచమునకు చుట్టు వ్రేలాడదీసిన చాలదు, నవారు సందులనుండి అడుగువైపున కూడ దోమ కుట్టును. మందపాటి బొంత పరచి, తెర అంచులను దాని క్రిందికి దోపవలెను. మోకాలు తెరకు ఆనుకొన్నచో బయటనుండియే కుట్టును. దోమ గట్టి గాలిలో నిలువలేదు కనుక, బల్ల పంఖాను మంచపు ఎత్తున పాదములవైపు ఉంచుకొనుట మంచిది. దోమల చుట్ట మాత్రము వెలిగింపకుము. ఒక చుట్ట వెడలగ్రక్కు సన్నని పొగకణములు 75 మొదలు 137 సిగరెట్ల పొగలోని వానితో సమానమని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. మూసిన గదిలో సాంబ్రాణియైనను, వేపాకైనను పొగ పొగయే.

పగలు కుట్టెడి డెంగీ దోమ మంచినీటిలో పుట్టునది. నీ కూలరు తొట్టిలోని నీరు వారమునకు మించి నిలిచినచో జాలీ లోపలనే దానిని పెంచుకొనుచున్నట్లే. శుక్రవారము డ్రై డే యని ఆరోగ్యశాఖవారు చాటుచున్నారు గదా. ఆనాడు నీరు పారబోసి, తొట్టి గోడలు తోమి, ఎండగట్టుము, గుడ్లు గోడలకే అంటియుండును.

రెండు కిటికీల చట్రములకును నిలువు, అడ్డము కొలిచి, రెక్కలు ఏ వైపునకు తెరచుకొనునో వ్రాసి పంపుము. ఇక్కడి వడ్రంగిచేత చేయించి, బస్సులో నేనే తెచ్చెదను. బందులకు చిన్న మరలు అచ్చటనే కొని సిద్ధముగా ఉంచుము.

ఇట్లు,
నీ తాతయ్య