మానిఫోల్డ్‌కి సెరామిక్ పూత వేయించాలా?

సందేహాలు - సమాధానాలు

*నాది పన్నెండు టైర్ల లారీ. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కీ టర్బో హౌసింగ్‌కీ సెరామిక్ కోటింగ్ చేయిస్తే లీటరుకు అర కిలోమీటరు మైలేజీ పెరుగుతుందని షెడ్డులో చెబుతున్నారు. నమ్మవచ్చా?*
– లారీ యజమాని, సూర్యాపేట

మైలేజీ కోసమైతే వేయించకండి. ఆ డబ్బు తిరిగి రాదు.

నిండు లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు టర్బోలోకి వెళ్లే పొగ వేడి 600 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. ఆ వేడి దారిలో పోకుండా టర్బోకి అందితే మంచిదే. కానీ మన దగ్గర గన్‌తో కొట్టే పూత మందం సుమారు 25 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకంత. అంత పలచటి పొర వేడిని ఆపేది నామమాత్రమే. విమాన ఇంజిన్లలో వాడే జిర్కోనియా ప్లాస్మా పూత దీనికి ఎన్నో రెట్లు మందంగా ఉంటుంది, వేడిని నిజంగానే అడ్డుకుంటుంది. దాని ఖర్చు మామూలు సరుకు లారీకి గిట్టుబాటు కాదు.

పలచటి పూతకూ ఒక ఉపయోగం ఉంది. తుప్పు పట్టిన పోత ఇనుము తన వేడిని చుట్టూ బాగా వెదజల్లుతుంది. అల్యూమినియం కలిసిన వెండి రంగు పూత ఆ సెగను తగ్గిస్తుంది. పక్కనున్న రబ్బరు గొట్టాలు, వైరింగు ఎక్కువ కాలం మన్నుతాయి, క్యాబిన్ కింద కాక తగ్గుతుంది. నల్ల రంగు వేయిస్తే సెగ పెద్దగా తగ్గదు, తుప్పు మాత్రం ఆగుతుంది. మైలేజీ మీద పట్టింపు ఉంటే ముందు ఎయిర్ ఫిల్టరు, ఇంటర్‌కూలర్ గొట్టాల క్లిప్పులు, టైర్లలో గాలి చూసుకోండి.

*రొయ్యల లోడ్లు తోలే బండి మాది. ఉప్పు గాలికి మానిఫోల్డ్ పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. హీట్‌ప్రూఫ్ సిల్వర్ పెయింట్ రెండుసార్లు వేశాం, నిలవలేదు. సెరామిక్ అయినా నిలుస్తుందా?*
– భీమవరం నుంచి ఒక పాఠకుడు

మీ బండికి తప్పకుండా వేయించండి. ఈ పూత అసలు అక్కరకొచ్చేది ఇలాంటి చోటే. నిలవడం, నిలవకపోవడం మాత్రం డబ్బాలో ఉన్న మందు కంటే దానికి ముందు చేసే శుభ్రం మీద ఆధారపడి ఉంటుంది.

పోత ఇనుముకు కంటికి కనబడని రంధ్రాలుంటాయి. ఏళ్ల తరబడి ఇంజిన్ మీదున్న భాగంలో నూనె లోపలికి ఇంకిపోతుంది. పైపైన డీజిల్‌తో కడిగి పూత వేస్తే, మొదటిసారి వేడెక్కగానే ఆ నూనె పైకి ఉబికి పొక్కులు లేపుతుంది. అందుకే కడిగాక ఓవెన్‌లో పెట్టి నూనె మొత్తం కాలిపోయేలా చేయాలి. ఆ తర్వాత అల్యూమినియం ఆక్సైడ్‌తో బ్లాస్టింగ్. బ్లాస్టింగ్ అయ్యాక లోహం మెరుపు లేకుండా, ఒకే తీరు బూడిద రంగులో, వేలికి గరుగ్గా తగలాలి. అయితే ఆ వేలికి గ్లౌజు ఉండాలి. ఉత్త చేత్తో పట్టుకున్న చోటే పూత ముందు ఊడుతుంది. మీ ప్రాంతపు గాలికి శుభ్రం చేసిన ఇనుము గంటల్లోనే ఎర్రబారుతుంది కాబట్టి ‘రేపు కొడదాం’ అంటే ఒప్పుకోకండి, అదే రోజు పూత పడాలి. ఆపైన ఎంత వేడిలో, ఎంతసేపు ఆరబెట్టాలో డబ్బా మీద ఉన్నది ఉన్నట్టు పాటించాలి.

పూత పడకూడని చోట్లూ ఉన్నాయి. గ్యాస్‌కెట్ కూర్చునే ముఖాలు, మరలు, ముక్కల మానిఫోల్డ్ అయితే ఒకదాంట్లో ఒకటి జారే జాయింట్లు. ఏడు వందల మిల్లీమీటర్ల మానిఫోల్డ్ 600 డిగ్రీలు వేడెక్కితే ఇంచుమించు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగుడు కోసమే జాయింటు పెట్టారు. అక్కడ పూత పేరుకుని బిగుసుకుంటే పగిలేది మానిఫోల్డే.

టర్బో విషయంలో ఇంకా జాగ్రత్త. వేడి వైపు హౌసింగ్‌ను పూర్తిగా విడదీశాకే బ్లాస్టింగ్‌కి ఇవ్వండి. టర్బో మొత్తాన్ని గుడ్డ చుట్టి బ్లాస్ట్ చేసే షెడ్లున్నాయి. ఒక్క గింజ బేరింగ్‌లోకి పోయినా టర్బో చేతికి రాదు. విప్పే ముందు రెండు భాగాలూ కలిసే చోట గుర్తు గీసుకోండి. లోపల చక్రం తిరిగే అంచుకు పూత వేయనివ్వకండి, అక్కడ సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు.

*మానిఫోల్డ్‌కి సన్నని పగులుంది. కోటింగ్‌తో మూసుకుపోతుందా?*
– మెకానిక్, ఒంగోలు

మూసుకుపోదు. వారం తిరక్కుండా ఆ గీత వెంట నల్లటి మసి మళ్లీ కనబడుతుంది. మార్చేయడమే మంచిది. అలాగే, మానిఫోల్డ్ ఎర్రగా కాలుతోందని పూతకు తెచ్చేవాళ్లకు కూడా ముందు కారణం వెతకమని చెప్పండి: గాలి లీకా, ఇంజెక్టరా, పంపు సెట్టింగా అని. ఇంకో మాట. 250 డిగ్రీల ప్రాంతంలోనే డీజిల్ నిప్పురవ్వ లేకుండా అంటుకుంటుంది. పూత వేసిన మానిఫోల్డ్ కూడా లోడు మీద ఆ వేడిని దాటుతుంది. డీజిల్ పైపు కారుతుంటే బండి కదలకూడదు.

*పూత ఎందుకు, ఆస్బెస్టాస్ తాడు చుట్టేస్తే చవక అంటున్నారు. మాది బీఎస్-6 టిప్పర్.*
– కరీంనగర్

వద్దు. ఆ పీచు ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది. పైగా చుట్టిన తాడు నూనె పీల్చుకుంటే అదే వత్తి అవుతుంది. బీఎస్-6 బండ్లలో పొగలోని మసి పట్టే ఫిల్టరుకూ డీఈఎఫ్ (యూరియా ద్రావణం) వ్యవస్థకూ ఎంత వేడి అందాలో లెక్క కట్టే కంపెనీ షీల్డులు బిగించింది. వాటిని తీయకండి, సెన్సార్ల మీద ఏ పూతా పడనివ్వకండి. వారంటీ ఉంటే ముందు సర్వీసు సెంటరులో రాతపూర్వకంగా అడగండి.

*మా తమ్ముడు బ్లాస్టింగ్ షెడ్డులో పని చేస్తాడు. ఏటి ఇసుకే వాడతారు. ముఖానికి తువ్వాలు కట్టుకుంటాడు. ప్రమాదమా?*
– విజయవాడ

చాలా ప్రమాదమమ్మా. ఇసుక పగిలి లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది. తువ్వాలు దాన్ని ఆపలేదు. దానివల్ల వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టం దాన్ని ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వ్యాధుల జాబితాలో పెట్టింది. ఇసుకతో బ్లాస్టింగ్‌ని బ్రిటన్ 1949 నిబంధనలతోనే నిషేధించింది. మీ తమ్ముడికి వెంటనే ఛాతీ ఎక్స్‌రే తీయించండి. ఆ షెడ్డులో గాలి గొట్టంతో పనిచేసే హెల్మెట్, ఇసుక బదులు అల్యూమినియం ఆక్సైడ్ వచ్చేదాకా అతన్ని ఆ గన్ పట్టనివ్వకండి.

లారీ యజమానులకు నా విన్నపం: మీ మానిఫోల్డ్ ఇచ్చే ముందు ఆ షెడ్డులో దేనితో బ్లాస్టింగ్ చేస్తున్నారో అడగండి. ఇసుక అంటే అక్కడ ఇవ్వకండి.