మొదటి గిటార్‌కి ఏ రూటర్?

ప్రశ్న: ఇంట్లోనే ఎలక్ట్రిక్ గిటార్ చేయాలని ఉంది. తక్కువలో ఏ రూటర్ కొనాలి?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను ఉలితో తొలిచి వీణ చేస్తారు. రూటర్ లేనిదే వాయిద్యం పుట్టదని కాదు. పికప్ గుంటలు, మెడ కూర్చునే గాడి సరిగ్గా, త్వరగా రావాలంటే మాత్రం అది కావాల్సిందే.

పెద్ద ప్లంజ్ రూటర్ జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు. వడ్రంగులు సన్‌మైకా అంచులు కొట్టే ట్రిమ్మర్ చాలు: 530 వాట్ల మకిటా 3709 లేదా బాష్ జీకేఎఫ్ 550. రెండింటికీ వేగం తగ్గించే వీలు లేదు కాబట్టి లావు బిట్లు వద్దు. సుమారు 45 మి.మీ. మందం ఉండే బాడీని ముందు జిగ్‌సాతో, గీతకు 2 మి.మీ. ఎడంగా కోయించాలి. ట్రిమ్మర్‌తో మిగిలిందే తీయాలి, అదీ ఒక్కో దఫాకు 3 మి.మీ. లోతు మించకుండా.

అసలు మెలిక బిట్ కాడను పట్టుకునే కాలెట్‌లో ఉంది. 6 మి.మీ. కాడ బిట్లు, పావంగుళం (6.35 మి.మీ.) బిట్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. సన్న కాడను పావంగుళం కాలెట్‌లో బిగిస్తే, నిమిషానికి 30 వేల చుట్ల వేగంలో జారి బయటికొస్తుంది! కొట్లోనే బిగించి చూడటం మేలు.

మిషన్‌లో మిగిల్చిన డబ్బు బేరింగ్ ఉన్న కార్బైడ్ బిట్‌కి పెట్టాలి; టేకు మామూలు బిట్ల పదునును ఇట్టే తినేస్తుంది. బయటి అంచును అపసవ్యంగా, గుంట లోపల సవ్యంగా నడపాలి. తొలి గుంట మాత్రం పనికిరాని చెక్క మీదే.