పొలము పటము – దిక్కుల నిర్ణయము

పొలము పటమును చేతబట్టిన రైతు మొట్టమొదట చూడవలసినది సర్వే నంబరు కాదు, ఉత్తరపు బాణపుగుర్తు. పటమును తలక్రిందుగ పట్టినచో తూర్పు గట్టు పడమటి గట్టగును. పొరుగువాని చెక్క మన చెక్కగ తోచును.

దస్తావేజులందు తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము అని ప్రదక్షిణక్రమమున హద్దులు వ్రాయుట మన వాడుక. ఆస్తిని గుర్తించుటకు చాలినంత వివరము దస్తావేజులో నుండవలెనని 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము 21వ విభాగము విధించుచున్నది. విస్తీర్ణమునకును హద్దులకును భేదము వచ్చినప్పుడు న్యాయస్థానములు సామాన్యముగ హద్దులనే ప్రమాణముగ గైకొనును. కావున సంఘమునకు భూమి తనఖాపెట్టి అప్పు గొనువారు, నంబరు సరిగనే యున్నదిగదా యని, తారుమారైన హద్దులపై వ్రేలిముద్ర వేయరాదు.

కోస్తా జిల్లాలలో మరియొక చిక్కు గలదు. మచిలీపట్టణము మొదలు విశాఖపట్టణము వరకు తీరము మొత్తముమీద ఈశాన్యముగ సాగును. సముద్రము ఆగ్నేయదిశ నుండును. అయినను సముద్రపు వైపు తూర్పనుట జనుల నోటి అలవాటు. కాలువగట్టును, పుంతను బట్టి దిక్కు చెప్పుటయు నిట్టిదే. మాటలో నిది చెల్లును, పటములో చెల్లదు.

సూర్యుడుదయించు చోటే తూర్పనుకొనుటయు పొరపాటే. సరిగా తూర్పున నుదయించుట మార్చి, సెప్టెంబరు నెలల విషువద్దినములందే. పొలములు ఖాళీగనుండి కొలతలు సాగు వేసవిలో, జూను 21 నాటికి, విజయవాడయొద్ద ఉదయస్థానము తూర్పునకు సుమారు 24 డిగ్రీలు ఉత్తరముగ జరిగియుండును. ఆ గురిపట్టి 200 అడుగులు నడచినవాడు సరియైన గీతకు 80 అడుగులకు పైగ తప్పును! మధ్యాహ్నపు నీడ ఉత్తరమునకే పడుననియు నమ్మరాదు; విజయవాడలో మే రెండవ వారము మొదలు ఆగష్టు మొదటి వారము వరకు అది దక్షిణమునకు పడును.

పూర్వులెరిగిన శంకుపద్ధతి యే ఋతువునందైనను పనికివచ్చును. చదునైన నేలపై నిలువుగ కర్ర పాతి, దానిచుట్టును త్రాటితో వృత్తము గీయవలెను. ఉదయమున నీడకొన వృత్తమును లోనికి దాటుచోట నొక మేకు, సాయంకాలమున వెలికి దాటుచోట నొక మేకు కొట్టవలెను. మొదటిది పడమర, రెండవది తూర్పు. రాత్రియైనచో ధ్రువనక్షత్రము చాలును.

ఇట్లు దిక్కు నిలిపిన పిమ్మట పటమును నేలపై పరచి, బాణమును ఉత్తరమునకు త్రిప్పి, సర్వేరాళ్లను వెదకవలెను. మైలుకు 16 అంగుళముల చొప్పున గీసిన పాత గ్రామపటములో అంగుళమునకు 330 అడుగులు, అనగా 5 గొలుసులు. రాయి కానరానిచో గట్టును స్వయముగ జరుపక, కొలతకు సర్వేశాఖకు దరఖాస్తు పెట్టుకొనవలెను.