సర్కారు నిధి పాలకేంద్రం దాకా ఎలా వస్తుంది?



పాడి పరిశ్రమకు ఇన్ని కోట్లు కేటాయించారని పత్రికలలో వార్త వచ్చినప్పుడల్లా సంఘాల నుంచి మాకు ఒకటే ప్రశ్న వస్తున్నది: ఆ సొమ్ములో మా ఊరి పాలకేంద్రానికి ఎంత? ఇందుకు ఒక్క అంకెలో జవాబు లేదు. కాని సొమ్ము ఏ దారిన వస్తుందో తెలిస్తే, అది ఎక్కడ ఆగిపోయిందో సభ్యులే పట్టుకోగలరు. ఈ పాఠం అందుకోసమే.

ముందుగా గమనించవలసినది: మన రాజ్యాంగం ప్రకారం పశుసంపద సంరక్షణ, అభివృద్ధి, పశువైద్యం రాష్ట్రాల జాబితాలోని విషయాలు. కేంద్ర ప్రభుత్వం మన ఊరి పశువుల ఆసుపత్రిని నడపదు. పథకం వేసి, నిధి సమకూర్చి, రాష్ట్ర శాఖల ద్వారా, సమాఖ్యల ద్వారా, బ్యాంకుల ద్వారా పని చేయిస్తుంది. 2019లో కేంద్రంలో మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమలకు ప్రత్యేక మంత్రిత్వ శాఖ ఏర్పడిన తరువాత కూడా ఈ పద్ధతి అలాగే ఉన్నది.

మన దేశంలో పాడికి పెద్ద ఎత్తున పెట్టుబడి వచ్చిన తీరు చిత్రమైనది. 1964లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గుజరాత్‌లోని ఆనంద్ వెళ్లి, అక్కడి రైతుల సంఘాలను చూసి, దేశమంతటా అటువంటివి రావాలని కోరారు. మరుసటి సంవత్సరం జాతీయ పాడి అభివృద్ధి మండలి ఏర్పడింది. డాక్టర్ కురియన్ దానికి అధ్యక్షులయ్యారు. మండలి ఉన్నది, ఆలోచన ఉన్నది, డబ్బు మాత్రం లేదు.

ఆ రోజులలో ఐరోపా దేశాలలో పాలపొడి, వెన్న అమ్ముడుపోక గుట్టలుగా పడి ఉన్నవి. అవి మన నగరాలకు చవకగా వచ్చి పడితే మన రైతు గేదెను అమ్ముకోవలసిందే. వద్దంటే మరో దేశానికి పోతాయి, లాభం లేదు. అందుచేత 1970లో ఒక ఉపాయం చేశారు. ఆ సరుకును ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా ఉచితంగా తీసుకున్నారు. 1,26,000 టన్నుల వెన్న తీసిన పాలపొడి, 42,000 టన్నుల బటర్ ఆయిల్. దానిని నగరాలలోని డెయిరీలకు ఊరికే పంచలేదు, ధర కట్టి అమ్మారు. ఆ ధర రైతు పాలను దెబ్బ తీసేంత తక్కువగా ఉండకూడదన్నది నియమం. అమ్మగా వచ్చిన రూపాయలతో పాల మిల్లులు, శీతల కేంద్రాలు, దాణా ఫ్యాక్టరీలు కట్టారు. దీనినే ఆపరేషన్ ఫ్లడ్ అన్నారు. దానంగా వచ్చిన పొడి తాగితే అయిపోయేది. దానిని మూలధనంగా మార్చబట్టే తరువాతి తరానికి మిగిలింది.

ఆ సొమ్ము సమాఖ్యలకు, యూనియన్లకు ఎలా ఇచ్చారో కూడా చూడండి: 100 రూపాయలలో 30 గ్రాంటు, 70 అప్పు. మొత్తం గ్రాంటుగా ఇస్తే బాగుండేది కదా అనే సభ్యులు ఇప్పటికీ ఉన్నారు. మేము అలా అనుకోము. తీర్చవలసిన అప్పు ఉన్న యూనియన్ తన మిల్లును ఖాళీగా ఉంచలేదు, పాల కోసం ఊళ్లకు రాక తప్పదు. ఊరికే వచ్చిన యంత్రాలు తుప్పు పట్టిన చోట్లు మనకు తెలియనివి కావు.

ఈ పథకంపై విమర్శలూ వచ్చాయి. విదేశీ పొడికి అలవాటు పడుతున్నామని గట్టిగా వాదించినవారున్నారు. 1984లో ఝా కమిటీ దీనినంతా పరిశీలించింది. పథకం మూడు దశలుగా 1996 దాకా నడిచింది. అప్పటికి దేశంలో 70,000కు పైగా గ్రామ సంఘాలు ఏర్పడినవి. మన ప్రాంతంలో 1974లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పాడి అభివృద్ధి సంస్థ పనులు 1981లో సహకార సమాఖ్య చేతికి వచ్చింది కూడా ఈ ఆనంద్ పద్ధతి అమలు కోసమే.

ఇక నేటి సంగతి. అటువంటి ఒక్క పెద్ద పథకం ఇప్పుడు లేదు, చిన్నవి చాలా ఉన్నవి. సంఘానికి దగ్గరైనది 2014లో మొదలైన జాతీయ పాడి అభివృద్ధి కార్యక్రమం. పాల పరీక్ష యంత్రాలు, బల్క్ కూలర్లు దీని కిందివి. 2021-22 నుంచి 2025-26 వరకు దీనికి మొత్తం 2,790 కోట్లుగా 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం సవరించింది. ఇది నేరుగా మీ పద్దులో పడే సొమ్ము కాదు. యూనియన్, సమాఖ్య ప్రతిపాదన పంపాలి, రాష్ట్రం ఆమోదించాలి. ఆ ప్రతిపాదనలో మీ సంఘం పేరు ఉండాలంటే పాల సేకరణ లెక్కలు, ఆడిటు సకాలంలో పూర్తయి ఉండాలి. చాలా దరఖాస్తులు ఆగేది ఇక్కడే.

రెండవది పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి. 2020లో 15,000 కోట్లతో ప్రకటించి, 2024లో పాడి వసతుల నిధిని దీనిలో కలిపి 29,610 కోట్లు చేశారు. కోట్ల అంకె చూసి పంచిపెట్టే సొమ్ము అనుకోరాదు. ఇది బ్యాంకు అప్పు. సర్కారు ఇచ్చేది వడ్డీలో 3 శాతం మాత్రమే. ఒక యూనియన్ కోటి రూపాయలు అప్పు తీసుకుంటే మొదటి ఏడాది సుమారు 3 లక్షలు కలిసి వస్తుంది. ఆ కేంద్రానికి రోజుకు 10,000 లీటర్లు వస్తే, లీటరుకు దాదాపు 8 పైసలు. అసలు, మిగిలిన వడ్డీ కట్టవలసింది మన పాల డబ్బులోనుంచే. కనుక మహాజన సభలో "సబ్సిడీ ఎంత?" అని అడగడంతో ఆగక, "రోజుకు ఎన్ని లీటర్లు వస్తాయని లెక్క వేశారు?" అని కూడా అడగండి.

జాతీయ పశుసంపద మిషన్ కింద 50 శాతం పెట్టుబడి సబ్సిడీ ఉన్నదని విని గేదెల కోసం దరఖాస్తు పెట్టేవారు ఉంటారు. ఆ సబ్సిడీ గొర్రెలు, మేకలు, కోళ్లు, పందుల పెంపకానికి, పశుగ్రాసానికి ఉద్దేశించినది. పాడి గేదెల కొనుగోలుకు కాదు. అయితే సైలేజీ, గడ్డి దిమ్మెల తయారీకి రైతు సహకార సంస్థలు కూడా అర్హులే. వేసవిలో ఎండుగడ్డి ధర ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. ఈ ఒక్క విషయం గురించి పాలకవర్గాలు ఆలోచించడం మంచిది.

రైతు ఇంటికే వచ్చేవి రెండున్నవి. ఒకటి కిసాన్ క్రెడిట్ కార్డు. 2018-19 నుంచి పశుపోషకులకూ ఇస్తున్నారు. గేదె కొనడానికి కాక దాణా, మందుల వంటి రోజువారీ ఖర్చులకు ఇచ్చే అప్పు ఇది. గడువు లోపల తీరిస్తే వడ్డీ 7 శాతానికి బదులు 4 శాతం పడే ఏర్పాటు చేశారు. 60,000 రూపాయలపై ఏడాదికి 1,800 తేడా. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. పాల బిల్లు వచ్చినప్పుడే కొంత జమ చేసుకోవడం మేలు.

రెండవది టీకాలు. 2019 సెప్టెంబరులో గాలికుంటు, బ్రుసెల్లోసిస్ వ్యాధుల నివారణకు 13,343 కోట్లతో, పూర్తిగా కేంద్ర ఖర్చుతో కార్యక్రమం ప్రారంభించారు. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి వేయిస్తారు, దాని సంగతి అందరికీ తెలుసు. బ్రుసెల్లోసిస్ టీకాయే మనం పోగొట్టుకుంటున్నది. అది 4 నుంచి 8 నెలల వయసు పెయ్యదూడలకు, జీవితంలో ఒక్కసారే వేస్తారు. ఆ నెలలు దాటితే మళ్లీ వేయరు. చూలు నిండుతుండగా ఈసుకుపోయిన గేదె ఒక ఈత పాలు పోగొట్టడమే కాదు, ఆ రోగం మనుషులకూ సోకుతుంది. డబ్బు ఢిల్లీ నుంచి వచ్చినా, మందు ఆసుపత్రిలో ఉన్నా, దూడ పుట్టిన తేదీ ఎవరూ రాసుకోకపోతే టీకా దూడకు అందదు.

కాబట్టి ప్రతి సంఘం కార్యదర్శి పాల రిజిస్టరు పక్కన మరో పుస్తకం పెట్టి, సభ్యుని పేరు, దూడ పుట్టిన తేదీ, చెవి పోగు నంబరు, నాలుగవ నెల నిండే తేదీ రాయవలెను. నెలకొకసారి ఆ జాబితాను పశువైద్యునికి అందజేసి, నకలు పాలకేంద్రం గోడకు అంటించవలెను.