మాసాంత మననము

గ్రంథమును పాఠకుని చెంతకు చేర్చుటకై తెలుగునాట జరిగిన కృషి సామాన్యమైనది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును గ్రంథాలయములుగా వెలసినవి; 1935లో పాతూరి నాగభూషణము గారు పుస్తకములను పడవకెక్కించి, కృష్ణా కాలువ వెంబడి పల్లెలకు పంపిరి. అయినను, గ్రంథము చేతికందిన పిమ్మట అది మనస్సున నాటుకొనుటకు మిగిలియుండు దూరమును ఏ గ్రంథాలయమును దాటింపజాలదు. ఆ దూరమును చదువరి తానై నడువవలసినదే.

శ్రవణమునకు మననమును, మననమునకు నిదిధ్యాసనమును తోడు కావలెనని పెద్దలు ఏర్పరచిన క్రమము వేదాంతవిద్యకే కాక సమస్త పఠనమునకును వర్తించును. నెల పొడుగున చదివిన పుస్తకములను గూర్చి నెల కడపట ఒకనాడు తీరికగా కూర్చుండి వ్రాసికొను అలవాటు నాకు చిరకాలముగా కలదు. చదివిన పుటల లెక్కకు గాని కథాసంగ్రహమునకు గాని అందు తావీయను. ఎన్ని పుస్తకములు చదివితినని ఎంచుకొనుటవలన అహంకారము పెరుగునే గాని అవగాహన పెరుగదు. పుస్తకమును మూసియుంచి, అందులో నా మనస్సున ఏది నిలిచినదో దానిని మాత్రమే వ్రాసి, అటుపిమ్మట పుస్తకమును తెరచి, నా వ్రాతను గ్రంథకర్త వ్రాతతో సరిచూచుకొందును. చదివిన వెంటనే వ్రాయబూనినచో గ్రంథకర్త మాటలే మన మాటలై వెలువడును. మిక్కిలి జాగు చేసినచో చెప్పుటకేమియు మిగులదు. కొన్ని వారములు గడచునప్పటికి జ్ఞాపకము తనకు ప్రియమైనదానిని ఉంచుకొని, తక్కినదానిని జారవిడుచును. ఏది ఉంచుకొన్నదో, ఏది జారవిడిచినదో విచారించినచో చదువరి స్వభావము అతనికే తెలియవచ్చును.

కందుకూరి వీరేశలింగము పంతులు గారి స్వీయచరిత్రమును చదివినవారికి, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వారు జరిపించిన తొలి వితంతు వివాహము మరపునకు రాదు. పండితుల ఖండనములు, బంధువుల బెదరింపులు, ఊరంతయు ఒక వైపున నిలువగా పంతులు గారి పట్టుదల, ఇవన్నియు కన్నులకు కట్టినట్లుండును. ఆ వివాహమును వెన్నంటి వచ్చిన బహిష్కార దినములలో వంటవారును నీరు తెచ్చువారును మొగము చాటువేయగా, ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మ గారు వంటయు చేసి, గోదావరినుండి నీళ్లును మోసి, ఇంటిని నడిపిన వృత్తాంతము మాత్రము అంత సులభముగా జ్ఞప్తికి రాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లి నవల విషయమునను ఇట్లే జరుగును: భూస్వామి చౌదరయ్య చేతిలో సంగదాసు మరణించుట అందరికిని గుర్తుండును, కన్నకొడుకును కోల్పోయియు ద్వేషమును దరిచేరనీయని తండ్రి రామదాసు శాంతము ఎందరికి గుర్తుండును? గ్రంథకర్తలు రెంటిని గూర్చియు వ్రాసిరి. మన దృష్టియే కోలాహలమువైపు మరలి, ఓర్పును దాటిపోయినది. ఈ సంగతి నెరిగిన చదువరి, తన ఇంటిలోను తన కచేరీలోను ఎవరి శ్రమ పేరు లేక నడచిపోవుచున్నదో విచారింప మొదలిడును. పఠనము శీలమును తాకుట యనగా నిదియే.

జారవిడుచుదానిని పట్టుకొనుట ఎట్లో నేర్చుకొనుటకు సురవరము ప్రతాపరెడ్డి గారికన్న మిన్నయైన గురువు లేడు. బసవపురాణము, క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి మొదలగు కావ్యములను పండితులు తరతరములుగా రసాలంకారముల కొరకు చదువుచుండగా, ఆ కాలపు జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, వేనిని నమ్మిరి అను ప్రశ్నతో ప్రతాపరెడ్డి గారు చదివిరి. కవులు సందర్భవశమున పలికి విడిచిన చిన్న మాటలే వారి చేతిలో ఆధారములై, 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రగా రూపొందినవి. కేంద్ర సాహిత్య అకాడమి 1955లో తెలుగు గ్రంథమునకిచ్చిన మొదటి పురస్కారము దానికే లభించినది. వారు చదివిన పుస్తకములు అందరికిని లభ్యములైనవే. చేతబట్టుకొనిన ప్రశ్న మాత్రము వారిది.

అందుచేత మాసాంతమున వ్రాసికొను పుట మెచ్చికోలుతో ముగియక, ఒక ప్రశ్నతో ముగియుట మంచిదని నా నమ్మకము. రాజ్యలక్ష్మమ్మ గారిని మరచితినని తెలిసినప్పుడు, స్త్రీలు తమ మాటలలో తమ జీవితములను చెప్పుకొన్న గ్రంథము ఏది యని వెదకవలెను. రామదాసు జారిపోయినప్పుడు, బిగ్గరగా మాటలాడని సజ్జనుల చరిత్రములను చేపట్టవలెను. పండ్రెండు మాసముల పుటలను ఒక వరుసను చదువుకొన్నచో, ఒకే విధమైన విషయములను మనము పదేపదే విస్మరించుచున్నామని గోచరించును. ఆ ఎరుక మొదట కొంత నొప్పించినను, స్నేహితుడు సైతము మొగమాటముచే చెప్పని మాటను అది మనకు చెప్పును.

అభిరుచిని అనుసరించి చదువుట తప్పు కాదు. ఇష్టము లేనిదే పఠనము నిలువదు. కాని ఇష్టమైన గ్రంథములు సాధారణముగా మనలో నిదివరకే యున్న భావములను బలపరచుటతోనే తృప్తిపడును. కావున వచ్చు నెలకు పుస్తకములను తెచ్చుకొనునప్పుడు, ఒకదానిని మన యభిరుచిని అడిగి ఎన్నుకొని, మరియొకదానిని గతమాసపు పుటను అడిగి ఎన్నుకొనుట మేలు.