సాకెట్టులోని మూడవ కన్నము

గత సంవత్సరము ఎనిమిదవ తరగతి బాలబాలికలకు విద్యుచ్ఛక్తి పాఠము చెప్పుచు, "మీ యిండ్లలో ఏ వస్తువైనను తాకినపుడు షాకు కొట్టునా?" అని మేము ప్రశ్నించితిమి. ఒక బాలిక లేచి, "మా గ్రైండరు కొడుతుంది సార్, అందుకే మా అమ్మ చెప్పులేసుకొని పిండి రుబ్బుతుంది" అని చెప్పినది. తరగతిలో ఎవ్వరును ఆశ్చర్యపడలేదు. మరికొందరు తమ యింట ఫ్రిజ్జనియు, బట్టలుతుకు యంత్రమనియు చేతులెత్తిరి.

ఆ చెప్పుల మాట మమ్ము చాల దినములు వెంటాడినది. షాకు కొట్టుట గ్రైండరు స్వభావమనియు, చెప్పులు తొడుగుకొనుట మన జాగ్రత్త యనియు ఒక భావము మన యిండ్లలో స్థిరపడినది. ఇది ప్రాణాపాయకరమైన పొరపాటు. తల్లిదండ్రులకు ఈ సంగతి విన్నవించుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. అది ఫేజు తీగ ద్వారా వచ్చి, యంత్రములో పని చేసి, న్యూట్రలు తీగ ద్వారా మరలిపోవును. సాకెట్టులోని రెండు కన్నములు ఈ రెండు తీగలకు. పైనున్న పెద్ద కన్నము మూడవ తీగకు. దానిని సంస్కృతమున భూసంధానమనవచ్చును గాని, హోసూరు అంగడివీధిలో ఆ పేరు చెప్పిన ఎవ్వరికిని తెలియదు. తెలుగువారును, తమిళులును, కన్నడిగులును ఒక్క తీరుననే 'ఎర్తు' అందురు గనుక మేమును అట్లే వ్రాసెదము.

ఈ ఎర్తు తీగ దీపము వెలిగింపదు, పంకా త్రిప్పదు. పని కనబడని తీగ గనుకనే దానియెడ అశ్రద్ధ. దాని ఒక కొన యంత్రపు లోహపు ఒంటికిని, రెండవ కొన ఇంటి ప్రక్క భూమిలో పాతిన గొట్టమునకును తగిలియుండవలెను. గ్రైండరులో తేమ చేరియో, తీగపై తొడుగు చిట్లియో ఫేజు ఆ ఒంటికి తగిలినచో, ఎర్తు ఉన్న యింట విద్యుత్తు ఆ దారిని భూమిలోనికి పోవును. ఎర్తు లేని యింట ఆ విద్యుత్తు యంత్రపు ఒంటిపై అట్లే నిలిచియుండును. తడి నేలపై నిలిచి ఎవరు దానిని తాకుదురో వారి దేహమే దానికి దారి యగును. ప్లగ్గులో ఎర్తు కాలు తక్కినవాటికంటె పొడవుగను లావుగను ఉండుటకు కారణమిదియే. అది అన్నిటికంటె ముందు లోనికి పోయి, అన్నిటికంటె వెనుక బయటికి రావలెను. ఆ కాలు కోసివేసి రెండు కన్నముల సాకెట్టులో దూర్చిన ప్లగ్గులను మేము కన్నులార చూచితిమి.

"ఎం.సి.బి. ఉన్నది గదా, అదే పడిపోవును" అని కొందరి ధైర్యము. ఈ లెక్క చూడుడు. ఆంపియరులో వేయింట ఒక భాగము మిల్లీఆంపియరు. దేహములో ఒక మిల్లీఆంపియరు ప్రవహించిన చిమచిమలాడును. పది దాటిన కండరములు బిగిసి, పట్టిన వస్తువును విడువలేము. ముప్పది దాటి కొంతసేపు నిలిచిన ఊపిరికిని గుండెకును ప్రమాదము. తడి చేతితో తాకినపుడు దేహపు నిరోధము వేయి ఓములుగా నెంచిన 230 మిల్లీఆంపియరులు పోవును. ఆరు ఆంపియరుల ఎం.సి.బి. ఆరువేల మిల్లీఆంపియరులను నిరంతరముగా పోనిచ్చుటకే తయారైనది. అది గోడలోని తీగలు కాలిపోకుండ కాపాడును. మనుష్యుడు పట్టుకొన్న సంగతి దానికి తెలియదు.

చిమచిమ మాత్రమే గదా యని తేలికగా నెంచరాదు. కంప్యూటరు మొదలగు కొన్ని యంత్రములలో ఏ చెడుపును లేకున్నను, లోపలి కెపాసిటరుల వలన కొద్ది విద్యుత్తు ఒంటిపైకి వచ్చును. ఎర్తు ఉన్నచో అది భూమిలోనికి పోవును గనుక మనకు తెలియదు. తెలిసినదనగా ఆ యింట ఎర్తు లేదని అర్థము. నేడు చిమచిమలాడిన యంత్రమునకు రేపు నిజముగా లోపము పుట్టిన ఆపువారుండరు. చెప్పులు ఈ వార్తను మనకు చేరనీయవు. ఒకనాడు చెప్పులు లేని పసివాడు ఆ గ్రైండరు పట్టుకొనును.

ఇంకొక దుష్ప్రయోగమును మా అనుభవము నుండి చెప్పవలసియున్నది. మేము పూర్వము కాపురమున్న అద్దె యింటిలో ఫ్రిజ్జు షాకు కొట్టుచుండెను. పిలిచిన పనివాడు అరగంటలో షాకు మాన్పి, కూలి తీసికొని పోయెను. మేమును సంతోషించితిమి. కొన్ని నెలలకు ఒక గాలివాన రాత్రి దీపములన్నియు ఆరిపోయినవి. చీకటిలో ఫ్రిజ్జు తలుపు పట్టిన మా యింటివారు కేకవేసి వెనుకకు పడిరి. దైవవశమున బ్రతికిరి. మరునాడు వేరొక పనివాడు సాకెట్టు విప్పి చూపగా, న్యూట్రలు నుండి ఎర్తు కన్నమునకు జానెడు తీగముక్క కలిపియుండెను. గాలికి వెలుపల న్యూట్రలు తెగినది. దీపముల స్విచ్చులు వేసియే యుండుటచేత ఫేజు వాటి గుండా న్యూట్రలులోనికి వచ్చి, ఆ ముక్క ద్వారా ఫ్రిజ్జు ఒంటిపైకి ఎక్కినది. భూమిలో గొట్టము పాతకయే షాకు మాన్పితినని ఎవరైన చెప్పినచో, సాకెట్టు విప్పించి ఆ ముక్క ఉన్నదేమో చూడుడు. బల్బు వెలిగించి చేయు పరీక్షలో ఈ మోసము బయటపడదు. న్యూట్రలుతో కలిపినను బల్బు చక్కగా వెలుగును.

ఎర్తు గుంట విషయమున కృష్ణగిరి జిల్లావారికి ఒక చిక్కు కలదు. మనది రాతినేల. రెండున్నర మీటర్ల గొట్టము దింపి, చుట్టును బొగ్గు, ఉప్పు పోయించినను వేసవిలో నేల ఎండి నిరోధము పెరుగును. నిరోధము ఇరువది ఓములైనచో 230ని 20చే భాగింపగా పోవునది పదకొండున్నర ఆంపియరులే. గ్రైండరునకు పదునారు ఆంపియరుల ఎం.సి.బి. ఉన్నచో అది కదలదు. కావున గుంటలో వేసవియందు నీరు పోయవలెను, ఎర్తు టెస్టరుతో కొలిపింపవలెను. దానితోపాటు 30 మిల్లీఆంపియరుల ఆర్.సి.సి.బి. పెట్టింపవలెను. అది ఫేజున పోయినదానిని న్యూట్రలున వచ్చినదానితో సరిచూచి, తేడా కన్పించిన క్షణములో సరఫరా ఆపును. దానిపై 'టి' అను మీట ఉండును. నెలకొకసారి నొక్కుడు. పడిపోయినచో అది పని చేయుచున్నదని తెలియును గాని, ఎర్తు బాగున్నదని తెలియదు. ఈ రెండును వేర్వేరు.

ఎవరైన షాకునకు చిక్కినచో చేతితో లాగరాదు. మొదట మెయిను స్విచ్చి ఆపవలెను. వీలుగానిచో ఎండిన కఱ్ఱతో త్రోసివేసి, 108కి ఫోను చేయవలెను.

ఆ బాలిక తండ్రి మేము కబురంపగా వచ్చి విని, పది దినములలో గుంట త్రవ్వించెను. మన పాఠశాల గుంట వంటశాల వెనుక సిమెంటు మూతక్రింద నున్నది. మార్చి మొదలు ప్రతి శనివారము ఎనిమిదవ తరగతివారు దానిలో రెండు బిందెల నీరు పోయుచున్నారు. చూడగోరు తల్లిదండ్రులు ఆనాడు రావచ్చును. మీట నొక్కి చూపుటకు పిల్లలే పోటీపడుదురు.