వీపుమోత గాలియంత్రము - కవాటముల పరీక్ష

పెట్రోలుతో నడచు గాలియంత్రమును వీపునకు తగిలించుకొని, గొట్టము చేతబట్టి, ఆకులను ధూళిని ఊదివేయుట నేడు ఒక కూలిపని అయినది. తారు రోడ్డు వేయుటకు ముందు ధూళి తొలగించుటకును, పెద్ద ఆవరణములను శుభ్రపరచుటకును గుత్తదారులు ఈ యంత్రము గలవానిని పిలుతురు. యంత్రము తనదే అయినచో కూలి అధికము. అందుచేత విడీ ఘర్కుల్ నివాసులైన తలిదండ్రులు కొందరు, చదువు ముగించిన కుమారునికి పాత యంత్రమొకటి కొనియిత్తుమా అని మమ్ము అడుగుచున్నారు. వెయ్యి బీడీలకు ఇంత యని తల్లి చుట్టి కూడబెట్టిన సొమ్ము అది. అమ్మువారు పైనున్న మసి తుడిచి, రంగు మెరయించి చూపుదురే గాని లోపలి కవాటముల సంగతి చెప్పరు. కనుక ఈ పాఠమును పిల్లలకు గాక పెద్దలకు వ్రాయుచున్నాము.

కవాటమనగా తలుపు. గుండెలోని కవాటములను మా పిల్లలు బొమ్మ గీసి చూపగలరు. ఆ పిల్లవాడే సెలవులలో గ్యారేజీకి పోయి "వాల్" అను మాట వినును. రెండును ఒకటే యని వానికి చెప్పువారు లేరు. 1876లో జర్మనీ దేశీయుడగు నికొలాస్ ఆటో నడిపి చూపిన నాలుగు ఘాతముల యంత్రమే ఈ చిన్న యంత్రమునకును మూలము. మొదటి ఘాతమున ఒక తలుపు తెరచి పెట్రోలు కలిసిన గాలి లోనికి వచ్చును. రెండవ ఘాతమున తలుపులు రెండును మూసికొనగా ఆ గాలి నొక్కబడును. మూడవ ఘాతమున అది మండి పిస్టనును త్రోయును. నాలుగవ ఘాతమున రెండవ తలుపు తెరచి పొగ వెలుపలికి పోవును. యంత్రము నిమిషమునకు 7,000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క తలుపు 3,500 మారులు తెరచి మూయబడును. ఇంత తాకిడికి అంచులు అరుగుటలో వింత లేదు.

అయితే అన్ని గాలియంత్రములకును ఇట్టి తలుపులుండవు. రెండు ఘాతముల యంత్రమున సిలిండరు గోడలోని రంధ్రములే ఆ పని చేయును. నూనె పోయుటకు వేరుగా మూత ఉన్నచో అది నాలుగు ఘాతములది యని సామాన్యముగా ఎరుగవచ్చును. కాని ఇందొక చిక్కు గలదు. స్టిల్ వారి బి.ఆర్. 600 వంటివి పెట్రోలులో నూనె కలిపియే నడచును, నూనెకు వేరే మూత లేదు, అయినను వానికి కవాటములున్నవి. కనుక మూతను మాత్రమే చూచి నిర్ణయింపరాదు. సిలిండరు తలపై కవాటముల కప్పు ఉన్నదేమో చూడవలెను.

చూడబోవునప్పుడు ముందుగా సిలిండరు వద్ద చేయి పెట్టి చూడుడు. వెచ్చగా నున్నచో మీరు రాకముందే నడిపినారని అర్థము. చల్లగా నున్నదానినే మీ యెదుట నడిపింపవలెను. పావుగంట నడిపి, ఆపి, మరల వెంటనే తాడు లాగుమనవలెను. చల్లగా నున్నపుడు సులభముగా లేచి, వేడెక్కిన పిమ్మట లేవకున్నచో కవాటములను అనుమానింపవలసినదే. కార్బురేటరు వైపునుండి టపటప శబ్దము వచ్చినచో లోనికి గాలి పంపు కవాటమును, పొగగొట్టములో ప్రేలినట్లున్నచో పొగ విడుచు కవాటమును శంకింపవచ్చును.

శంకయే రుజువు కాదు. నిలువయున్న పెట్రోలు, మూసుకొనిన గాలి జల్లెడ, పాడైన స్పార్కు ప్లగ్గు, మసి పట్టిన పొగగొట్టపు జాలి ఇవన్నియు ఇట్టి లక్షణములనే చూపును. నేటి పెట్రోలులో ఇథనాలు కలిసియున్నది. అది తేమను పీల్చుకొనును గనుక నెలల తరబడి ట్యాంకులో ఉంచిన పెట్రోలుతో కార్బురేటరు చెడును. తక్కువ ఖర్చుతో తొలగు ఈ కారణములను ముందు తొలగించి, పిదప తల విప్పవలెను. మెకానిక్కులు పెక్కుమంది దీనికి విరుద్ధముగా చేయుదురు.

తరువాత నొక్కుడు బలము చూడవలెను. ప్లగ్గు రంధ్రమున నొక్కుడు గేజి బిగించి తాడు లాగి అంకె వ్రాసికొనుడు. రంధ్రములో కొలది చుక్కల నూనె వేసి మరల లాగుడు. అంకె బాగుగా పెరిగినచో లోపము పిస్టను రింగులది, పెరగకున్నచో కవాటములది. చేతితో తాడు లాగి చూచుట ఒక్కటే చాలదు, ఏలయనగా లాగుట సులభమగుటకు నొక్కుడును కొంత విడుచు ఏర్పాటు కొన్నింటిలో నున్నది. ఇంకొక మార్గము గలదు. పిస్టను నొక్కుడు ఘాతపు పైకొసన ఉండగా ప్లగ్గు రంధ్రము గుండ గాలిని మెల్లగా పంపి చెవి యొగ్గవలెను. కార్బురేటరులో బుసబుస వినిపించినచో ఒక కవాటము, పొగగొట్టములో వినిపించినచో రెండవది కారుచున్నది. సైకిలు దుకాణపు కంప్రెసరు చాలును. వేళ్లు మాత్రము పంకా దరికి పోరాదు.

ఇక సందు కొలుచుట. కవాటపు కాడకును దానిని నొక్కు రాకరునకును నడుమ కొలది ఎడము ఉండవలెను. బి.ఆర్. 600కు అది 0.10 మిల్లీమీటరు. హోండా జి.ఎక్స్. 35 యంత్రమునకు లోనికి గాలి పంపు కవాటమునకు 0.08, పొగ కవాటమునకు 0.11. ఇది వ్రాయు కాగితము మందమంత. అయినను కాగితముతో కొలువక ఫీలరు గేజితోనే కొలువవలెను. యంత్రము పూర్తిగా చల్లారి యుండవలెను. పిస్టను నాలుగవ ఘాతమునందును పైకొసకు వచ్చును గనుక, రాకరులు రెండును వదులుగా కదలుచున్నవో లేదో చూచి, కదలకున్నచో ఒక చుట్టు త్రిప్పవలెను. ఈ ఒక్క సంగతి మరచి తప్పు సందు పెట్టువారు పెక్కుమంది.

అరుగుదల వలన సందు పెరుగునని జనుల తలంపు. కవాటము పీఠములోనికి అరిగి దిగినకొలది కాడ పైకి వచ్చును, సందు తగ్గును. సందు లేకపోయినచో తలుపు పూర్తిగా మూతపడదు, మంట కారి అంచు కాలిపోవును. ఇదియే వేడెక్కిన పిమ్మట లేవని యంత్రముల కథ. సందు మిక్కిలి పెరిగినచో టిక్కుటిక్కుమను శబ్దము వచ్చును, బలము తగ్గును.

సందు సరిచేసినంతనే నొక్కుడు మరల వచ్చినచో యంత్రమును నిస్సంశయముగా కొనవచ్చును. అంచున మసి మాత్రమే యున్నచో తీసి శుభ్రపరచి, రుద్దుడు పేస్టుతో పీఠమునకు సరిపెట్టవచ్చును. పిదప ఆ పేస్టు రేణువంతయు మిగులకుండ కడుగవలెను. కాడ తన గొట్టములో అటునిటు ఊగుచున్నచో మాత్రము కొనవలదని మా అభిప్రాయము. ఇట్టి చిన్న యంత్రములు కొన్నింటిలో తలయు సిలిండరును ఒకే పోతగా నుండును, అది మార్చుటకగు ఖర్చు పాత యంత్రపు వెలను మించవచ్చును.

మగ్గముల షెడ్డులో నూలు దుమ్ము ఊదుటకు దీనిని వాడుదుమా యని కూడ అడిగినారు. వాడరాదు. వేడి పొగగొట్టమునకు నూలు దుమ్ము తగిలినచో అంటుకొనును. తలుపులు మూసిన షెడ్డులో దీని పొగ వాసన తెలియని విషవాయువుతో నిండియుండును. షెడ్డులో చీపురును, విద్యుత్తుతో దుమ్ము పీల్చు యంత్రమును వాడుకొనుడు.